సిమెంటుకు ఇస్తారు, సూపర్‌వైజర్‌కు ఎందుకివ్వరు? ఇళ్ల గ్రాంట్లు ఇచ్చేవారికి బహిరంగ లేఖ

ఇళ్ల కోసం గ్రాంట్లు ఇచ్చే ఫౌండేషన్లకు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధుల) కమిటీలకు, గృహనిర్మాణ శాఖల అధికారులకు,

నమస్కారం.

సూటిగా విషయానికి వస్తాను. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలు తమ ఇల్లు తామే కట్టుకునేలా సాయపడే స్వచ్ఛంద సంస్థలకు మీరు డబ్బిస్తున్నారు. అందుకు థాంక్స్, ఇది మాటవరసకు అంటున్నది కాదు. కానీ మీ దరఖాస్తు ఫారంలో బడ్జెట్ పేజీ తెరిస్తే సిమెంటుకు గడి ఉంటుంది, స్టీలుకు ఉంటుంది, తలుపులకూ కిటికీలకూ ఉంటుంది, ప్రారంభోత్సవం రోజున పెట్టే మీ పేరున్న బోర్డుకు కూడా కొన్ని ఫారాల్లో విడిగా ఉంటుంది. ఆ కుటుంబాల పక్కన రోజూ సైటు మీద నిలబడి పని నేర్పే మనిషికి మాత్రం గడి ఉండదు. ఉన్నా, "పరిపాలన ఖర్చులు, 5 శాతం మించరాదు" అనే వరుసలో ఆఫీసు కరెంటు బిల్లు, ఆడిటర్ ఫీజు పక్కన ఆ మనిషిని కూడా ఇరికించాలి. ఈ ఉత్తరం ఆ ఒక్క గడి గురించే.

సొంతంగా ఇల్లు కట్టుకోవడం అనగానే మీలో చాలామందికి గుర్తొచ్చేది ఒక ఫోటో. తల మీద హెల్మెట్, చేతిలో సుత్తి, ముఖంలో నవ్వు. 1984లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ పేదలకు ఇళ్లు కట్టే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున న్యూయార్క్‌లో పనికి దిగినప్పటి నుంచీ ఈ ఫోటోకు గిరాకీ తగ్గలేదు (ఆయన ఫోటో దిగి వెళ్లిపోయిన మనిషి కాదు, ఆ తర్వాత దశాబ్దాలపాటు పనిచేశారు, అది వేరే సంగతి). మీ వార్షిక నివేదిక అట్ట మీద ఆ ఫోటో బాగానే ఉంటుంది. అందులో కనిపించని మనిషి ఒకరుంటారు, ఫ్రేము బయట నిలబడి "ఆ మేకు అక్కడ కాదు, ఇటు పక్క కొట్టు" అని చెబుతున్నవారు. మీ గ్రాంట్ అందనిది సరిగ్గా ఆ మనిషికే.

ఆ మనిషి ఏం చేస్తారో కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ పని దగ్గరగా చూడనివాళ్లకు అది "పర్యవేక్షణ" అనే ఒక్క మాటలో అయిపోతుంది. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు ఉన్నాయో లేదో టేపుతో మూడు, నాలుగు, అయిదు లెక్క (రెండు పక్కలా మూడు, నాలుగు అడుగులు కొలిస్తే ఏటవాలు అయిదు రావాలి) వేసి చూపిస్తారు, అది తప్పితే గోడలు లేచాక గానీ తెలియదు, తెలిశాక చేసేదేమీ ఉండదు. కాంక్రీటు కలిపేటప్పుడు తట్టలో మోయడానికి, పారతో సర్దడానికి తేలిగ్గా ఉంటుందని అందరూ నీళ్లు ఎక్కువ పోస్తారు, మేస్త్రీలు కూడా పోస్తారు. నీళ్లు ఎక్కువైన కొద్దీ గట్టిదనం తగ్గుతుందని ఒక్కసారి చెబితే సరిపోదు, కలిపే ప్రతిసారీ పక్కనుండి చెప్పాలి. స్లాబు కింద సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి, కడ్డీలను కాస్త ఎత్తులో నిలిపే కవర్ బ్లాకులు వాటి కింద పెట్టారా, వేసిన కాంక్రీటుకు కనీసం 7 రోజులు, ఎండ ముదిరితే 10 రోజులు, సిమెంటు రకాన్ని బట్టి ఇంకా ఎక్కువ రోజులు తడి ఆరకుండా చూశారా, ఇవన్నీ ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలి. పగలంతా కూలికి పోయి సాయంత్రం వచ్చి తమ ఇంటి పని చేసుకునే కుటుంబం ఇవన్నీ పుట్టుకతో తెలుసుకుని రాదు. కాంక్రీటు పోయకముందు దొరికిన తప్పును పది నిమిషాల్లో సరిచేయొచ్చు, పోశాక దొరికితే పగలగొట్టాలి, అసలు దొరకకపోతే ఆ ఇంటితోనే ఉండిపోతుంది, పిల్లలు దాని కిందే పడుకుంటారు.

ఇంకో మనిషి కూడా కావాలి, ఆయన లేదా ఆమె సంగతి ఇంకా ఎవరికీ పట్టదు. పని మొదలవకముందే కుటుంబాలను వెతకడం, ఒక గుంపుగా చేర్చడం, ఎవరి స్థలానికి కాగితాలు సరిగ్గా ఉన్నాయో, ఎవరిది చనిపోయిన తండ్రి పేరు మీదే ఉండిపోయిందో చూడటం, బ్యాంకు అప్పుకు ఆదాయం లెక్క రాయించడం, ప్లాను అనుమతి కోసం తిరగడం, ఆ తర్వాత పని మధ్యలో "మా ఇంటికి వాళ్లు రాలేదు, నేనెందుకు వాళ్ల ఇంటికి పోవాలి" అనే గొడవ వచ్చినప్పుడు రిజిస్టర్ తెరిచి ఎవరు ఎన్ని గంటలు చేశారో అందరి ముందూ చదవడం. ఈ గొడవ రాని గుంపు ఉండదు. దాన్ని తీర్చే మనిషి లేక మధ్యలో ఆగిపోయిన ఇళ్లకూ, సిమెంటు లేక ఆగిన ఇళ్లకూ మీ నివేదికల్లో తేడా కనిపించదు, రెండూ "అసంపూర్తి" అనే ఒకే గడిలో పడతాయి.

ఇప్పుడు మీరు అనొచ్చు, ఇవన్నీ సంస్థ బాధ్యతలు కదా, మేము ఇంటికి డబ్బిస్తున్నాం కదా అని. బడి కట్టించి, టీచరు జీతం మాత్రం మా పని కాదన్నట్టుంది ఇది.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నది కాదు, ప్రభుత్వాలే చేసి చూపించిన పని. అమెరికాలో 1960లలో కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో పొలం కూలీల కుటుంబాలు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి సేవా సంస్థ సాయంతో కలిసి ఇళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాయి. అందులోంచే 1965లో విసేలియా అనే ఊళ్లో సెల్ఫ్ హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ పుట్టింది. 1968లో అక్కడి కేంద్ర గృహనిర్మాణ చట్టంలో సెక్షన్ 523 అని ఒకటి చేర్చారు. దాని కింద వ్యవసాయ శాఖ స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్ ఇస్తుంది, సాధారణంగా రెండేళ్లకు. ఆ గ్రాంట్‌తో ఏం కొనకూడదో చదివితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. స్థలం కొనకూడదు. ఇంటి సామగ్రి కొనకూడదు. కుటుంబాల బదులు పని చేయడానికి కూలీలను పెట్టకూడదు. మరి దేనికిస్తారయ్యా అంటే, కుటుంబాలను పోగుచేసే మనిషి జీతానికి, నిర్మాణ సూపర్‌వైజర్ జీతానికి, ఆఫీసుకు, పనిముట్లకు, శిక్షణకు! స్థలం, సామగ్రి ఖర్చు కుటుంబాలు తీసుకునే తక్కువ వడ్డీ గృహరుణం నుంచి వస్తుంది, దానికి ప్రభుత్వానిదే వేరే పథకం ఉంది. అంటే మీ ఫారంలో దేనికి గడి లేదో అక్కడ గ్రాంట్ మొత్తం దానికే.

ఇందులో ఒక తెలివైన లెక్కుంది. కుటుంబం ఇటుకల డబ్బు అప్పుగా తెచ్చుకోగలదు, నెలనెలా తీర్చుకోగలదు, ఇల్లు తాకట్టుగా ఉంటుంది కాబట్టి బ్యాంకు కూడా ఇస్తుంది. సూపర్‌వైజర్ జీతానికి మాత్రం ఏ బ్యాంకూ అప్పివ్వదు, దాన్ని ఒక పేద కుటుంబం ఒంటరిగా భరించలేదు, భరించమనడం న్యాయమూ కాదు. అప్పుతో జరిగే పనికి అప్పు, గ్రాంట్ తప్ప దిక్కులేని పనికి గ్రాంట్. మనం దీన్ని తిరగేసి పెట్టుకున్నాం: గ్రాంట్‌ను గోడల్లో పోసేసి, మనుషుల్ని సంస్థ దయకు వదిలేశాం. ఫలితంగా సంస్థ ఏం చేస్తుందో మీకూ తెలుసు, ఇంకో గ్రాంట్‌లో "శిక్షణ కార్యక్రమం" పేరుతో జీతం రాసుకుంటుంది, లేకపోతే ఒకే సూపర్‌వైజర్‌ను ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు సైట్లకు తిప్పుతుంది. రెండింటికీ ఈ పనిలో ఉన్న మేమే సిగ్గుపడుతుంటాం, మీరు మాత్రం ఓవర్‌హెడ్ (పరిపాలన ఖర్చు) తక్కువ ఉన్న సంస్థ అని మమ్మల్ని మెచ్చుకుంటుంటారు.

ఆ అమెరికా నియమాల్లో ఇంకొన్ని వివరాలు కూడా చూడండి. నాలుగు నుంచి పది కుటుంబాల దాకా ఒక గుంపు, ఒకరి ఇంటికి ఒకరు పని చేయాలి, అందరి ఇళ్లూ పూర్తయ్యేదాకా ఎవరూ కొత్త ఇంట్లో చేరకూడదు. మొత్తం శ్రమలో 65 శాతం కుటుంబాలది. మిగతా 35 శాతం, అంటే కరెంటు, ప్లంబింగ్ లాంటి లైసెన్సు కావలసిన పనులు, ప్రమాదం ఉన్న పనులు, తెలిసినవాళ్లకు అప్పగించుకోవచ్చు. మా దగ్గరికి వచ్చే ఒకరిద్దరు దాతలు "నూటికి నూరు శాతం వాళ్లే కట్టుకోవాలి, అప్పుడే నిజమైన స్వయంసహాయం" అంటారు. వినడానికి బాగుంటుంది గానీ వైరింగ్ విషయంలో ఆదర్శాలు పనికిరావండీ, షాక్ కొడుతుంది.

దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే సంగతి ఇంకో రకం. అక్కడ 1968 నాటి గృహనిర్మాణ చట్టం పరస్పర సహాయ సహకార సంఘాలకు చోటిచ్చింది, 1970లో వాటన్నిటికీ కలిపి ఫుక్వామ్ అనే సమాఖ్య ఏర్పడింది. ప్రతి కుటుంబం వారానికి 21 గంటలు పని చేయాలి. ఇంటి విలువలో 85 శాతం దాకా ప్రభుత్వ రుణం, మిగతా 15 శాతం కుటుంబాల చెమటే. నాకు నచ్చింది ఏమిటంటే, ఆ చట్టంలోనే "సాంకేతిక సహాయ సంస్థలు" అని ఒక వ్యవస్థ ఉంది. ఆర్కిటెక్టులు, సామాజిక కార్యకర్తలు, లాయర్లు, అకౌంటెంట్లు కలిసి పనిచేసే లాభాపేక్ష లేని సంస్థలు అవి. వాటి ఫీజు ప్రాజెక్టు ఖర్చులో భాగమే. ఎవరూ దాన్ని "ఓవర్‌హెడ్" అని అనుమానంగా చూడరు.

ఇక్కడే మన దేశంలో, 2001 జనవరి 26న భుజ్ భూకంపం తర్వాత గుజరాత్‌లో ఇళ్ల యజమానులకే డబ్బిచ్చి కట్టుకోమన్నారు, మూడు విడతల్లో, ఇంజనీరు చూసి సరే అన్నాకే తర్వాతి విడత. కచ్ జిల్లాలో స్వచ్ఛంద సంస్థల కూటమి ఊళ్ల మధ్య "సేతు" పేరుతో చిన్న కేంద్రాలు తెరిచింది. ఏ కాగితం కావాలి, విడత ఎందుకు ఆగింది, భూకంపాన్ని తట్టుకునేలా గోడ ఎలా కట్టాలి, ఎవరిని అడగాలి అన్నవి చెప్పడానికి అక్కడ మనుషులు కూర్చున్నారు. డబ్బు ఖాతాలో వేయడానికీ ఇల్లు లేవడానికీ మధ్య ఉండే ఖాళీ అదే, ఆ ఖాళీలో మనుషులుండాలి.

2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలో కూడా కాంట్రాక్టర్ వద్దు, కుటుంబమే కట్టుకోవాలి అన్నదే నియమం, మేస్త్రీల శిక్షణకు కూడా అందులో చోటుంది. ప్రతి దశలోనూ జియోట్యాగ్ ఫోటో (ఎక్కడ తీశారో నమోదయ్యే ఫోటో) తీసి ఎక్కించే ఏర్పాటు పక్కాగా ఉంది. మంచిదే. కాకపోతే ఫోటోలో గోడ కనిపిస్తుంది, గోడలో సిమెంటు పాళ్లు కనిపించవు.

సీఎస్ఆర్ కమిటీలకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి, ఇది చాలా చిన్న విషయం, చదివితే సరిపోయేది. మీరు ఎప్పుడూ చూపించే ఆ 5 శాతం పరిమితి మా మీద పెట్టింది కాదు. 2021 జనవరిలో సవరించిన సీఎస్ఆర్ నియమాల్లో "పరిపాలన ఖర్చులు" అంటే కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే సాధారణ ఖర్చులు. ఒక ప్రాజెక్టును రూపొందించడానికి, అమలు చేయడానికి, పర్యవేక్షించడానికి, మూల్యాంకనం చేయడానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదని ఆ నిర్వచనంలోనే రాసి ఉంది. సైటు మీద నిలబడే సూపర్‌వైజర్ ప్రాజెక్టు అమలు కాక మరేమిటి? అయినా మాతో రాసుకునే ఎంఓయూల్లో (ఒప్పంద పత్రాల్లో) అదే 5 శాతాన్ని తెచ్చి మా జీతాల మీద అతికిస్తారు, అడిగితే "లీగల్ టీమ్ ఒప్పుకోదు" అంటారు. లీగల్ టీమ్‌కు ఆ నిర్వచనం ఉన్న పేజీ పంపండి, అంతే.

విదేశీ ఫౌండేషన్ల పరిస్థితి వేరు, వాళ్ల చేతులు కొంత కట్టేసి ఉన్నాయి, 2020లో ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) సవరణతో పరిపాలన ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది, ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. అంటే పెద్ద సంస్థ ద్వారా ఊళ్లో ఉన్న చిన్న సంస్థకు డబ్బు చేరే దారి మూసుకుపోయింది. దాని మీద ఇక్కడ వాదించను, ఆ ఉత్తరం రాయాల్సింది వేరేవాళ్లకు. మీరు చేయగలిగింది మాత్రం ఒకటుంది: పెద్ద సంస్థ కోసం చూడకుండా, అర్హత ఉన్న చిన్న సంస్థలతో నేరుగా మాట్లాడండి, వాళ్ల ప్రపోజల్ ఇంగ్లీషు కొంచెం గరుకుగా ఉన్నా సరే.

ఇక కాలం సంగతి. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. ఇల్లు కట్టడం పునాది తవ్వడంతో మొదలవదు. అంతకు ముందు చాలా నెలలు కాగితాల మీద, బ్యాంకుల్లో, రెవెన్యూ ఆఫీసుల్లో, ఇళ్ల అరుగుల మీద మీటింగుల్లో గడుస్తాయి, ఆ నెలల్లో ఒక్క ఇటుక కూడా కదలదు. మీ గ్రాంట్ ఒక్క ఏడాదికి, అదీ ఏప్రిల్‌లో రావలసింది ఆగస్టులో వచ్చి, మార్చి 31కల్లా యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు ఖర్చయిందన్న ధ్రువపత్రం) అడుగుతుంది. "ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయి?" అనేదొక్కటే ప్రశ్న. దానికి సంస్థలు చేసేది ఒకటే, అప్పటికే కాగితాలు సిద్ధంగా ఉన్న కుటుంబాలను, అంటే ఉన్నవాళ్లలో కాస్త మెరుగ్గా ఉన్నవాళ్లను ఎంచుకోవడం. పట్టా లేనివాళ్లు, ఒంటరి మహిళలు, అప్పు పుట్టనివాళ్లు "తర్వాతి ఫేజ్"లోకి పోతారు. ఆ ఫేజ్ రాదు. ఇది మోసం కాదు, మీ ఫారం వేసిన దారిలో నడవడమే.

దీనికీ ఒక పద్ధతి ఉంది, మళ్లీ ఆ సెక్షన్ 523 దగ్గరికే వెళ్లాలి. వాళ్లు పూర్తయిన ఇళ్లను మాత్రమే లెక్కపెట్టరు. ఒక్కో కుటుంబం ఏ దశలో ఉందో చూసి దానికి శాతాలు కట్టి, ఆ శాతాలన్నీ కలిపి "సమాన యూనిట్లు"గా లెక్క వేస్తారు. నిర్మాణానికి ముందు జరిగిన పనికి కూడా అందులో వాటా ఉంది. ఆరు ఇళ్లు సగం సగం అయితే సున్నా కాదు, మూడు. కాగితాల దగ్గర ఉన్న కుటుంబం కూడా లెక్కలోకి వస్తుంది. ఈ పద్ధతి రాకెట్ సైన్స్ కాదు, ఒక ఎక్సెల్ షీటు. ఇంకా ముందుకెళ్లి, దరఖాస్తు తయారు చేసుకోవడానికే, అంటే కుటుంబాలు ఉన్నాయా, స్థలం దొరుకుతుందా అని చూసుకోవడానికే, కొత్త సంస్థకు ముందుగా 10 వేల డాలర్ల దాకా చిన్న గ్రాంట్ ఇచ్చే వీలు ఆ నియమాల్లో పెట్టారు. సంస్థ జేబులోంచి ప్రపోజల్ రాయించుకోవాల్సిన పని లేదు.

ఒకే ఏడాదికి ఇవ్వాలని మిమ్మల్ని ఎవరూ బలవంతం కూడా చేయడం లేదు. సీఎస్ఆర్ నియమాల్లోనే "కొనసాగుతున్న ప్రాజెక్టు" అని ఉంది, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్ల దాకా నడపొచ్చు, ఖర్చు కాని సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచుకోవచ్చు. ఇళ్లకు ఇంతకన్నా సరిపోయే ఏర్పాటు ఏముంటుంది? అయినా ఏడాది ఎంఓయూ పంపి, "పర్ఫార్మెన్స్ చూసి రెన్యూ చేస్తాం" అంటారు. ఆ రెన్యూవల్ ఉత్తరం వచ్చేలోపు మా సూపర్‌వైజర్ వేరే బిల్డర్ దగ్గర చేరిపోతాడు. అతన్ని తప్పు పట్టలేం, అతనికీ ఇంటి అద్దె ఉంటుంది.

డబ్బు ఇచ్చే పద్ధతి గురించి కూడా. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు పంపండి, తర్వాత మేం ఇస్తాం అనే పద్ధతి పెద్ద సంస్థకు నడుస్తుంది. చిన్న సంస్థ దగ్గర తిప్పుకోవడానికి డబ్బుండదు. బిల్లు ఆలస్యమైతే వాళ్లు సిమెంటు కొట్టు ఓనర్ దగ్గర అరువు పెడతారు, ఆ కొట్టతను ఇచ్చిన బ్రాండే తీసుకోవాలి, చెప్పిన ధరే కట్టాలి. మీరు పొదుపు అనుకున్నది అక్కడ ఖర్చయిపోతుంది. మొదటి విడత అడ్వాన్సుగా ఇవ్వండి, దాని లెక్క చూసి రెండోది ఇవ్వండి. గుజరాత్‌లో ఇళ్ల యజమానులకే మొదటి 40 శాతం ముందు చేతికిచ్చారు. ఆడిట్ అయిన సంస్థను అంతమాత్రం నమ్మలేరా?

ఇప్పుడు మా వైపు నుంచి కూడా ఒక నిజం ఒప్పుకోవాలి, లేకపోతే ఈ ఉత్తరం ఏకపక్షం అవుతుంది. కుటుంబాల శ్రమ "ఉచితం" కాదు. స్వయంసహాయ గృహనిర్మాణం మీద 1970ల నుంచీ ఒక విమర్శ ఉంది: పేదవాడితో రోజంతా కూలి చేయించి, సాయంత్రం మళ్లీ జీతం లేని రెండో షిఫ్టు చేయించి, దాన్ని సాధికారత అని పిలుస్తున్నారని. అందులో బలముంది. ఆ రెండో షిఫ్టులో ఎక్కువ భాగం ఆడవాళ్ల మీద పడుతుంది, నీళ్లు మోయడం, ఇసుక జల్లించడం, క్యూరింగ్ (కాంక్రీటును తడిపి ఉంచడం), పైగా ఇంట్లో వంట ఎలాగూ తప్పదు. చిన్న పిల్లలున్న తల్లి సైటుకు రావాలంటే ఆ పిల్లలు ఎక్కడుండాలి? మా బడ్జెట్‌లో పిల్లలను చూసుకునే ఒక మనిషి కోసం లైను రాస్తే మొదట కొట్టేసేది అదే, "నిర్మాణానికి సంబంధం లేదు" అని. సంబంధం ఎంతుందో పని గంటల రిజిస్టర్ చూస్తే తెలుస్తుంది. ముసలివాళ్లను, జబ్బు చేసినవాళ్లను, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లను అందరితో సమానంగా గంటలు చేయమనడం కూడా కుదరదు. అమెరికాలోనే గృహనిర్మాణ శాఖ 1996 నుంచి నడుపుతున్న ఇంకో పథకంలో ఇద్దరు పెద్దలున్న కుటుంబం కనీసం 100 గంటలు చేయాలంటే, ఒక్కరే ఉన్న ఇంటికి 50 చాలన్నారు. అలాంటి సడలింపు మీ నియమాల్లో రాసి ఉంటే మేం ప్రతి కుటుంబానికీ విడిగా అర్జీ పెట్టుకోనక్కరలేదు.

ఆ శ్రమకు విలువ కట్టి లెక్కలో చూపించనివ్వండి. మీలో చాలామంది "25 శాతం మ్యాచింగ్ (మీ వైపు వాటా) తెచ్చుకోండి" అంటారు, ఆ మ్యాచింగ్ నగదే కావాలంటారు. కుటుంబం నెలల తరబడి పెట్టిన పని గంటలు వాటా కాదా? ఉరుగ్వే చట్టం దాన్ని వాటాగానే చూసింది. 1920ల చివర్లోనే స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ నగరం చిన్న ఇళ్ల పథకంలో కుటుంబం పనిని నగదు వాటాకు బదులుగా తీసుకుంది. వందేళ్ల కిందటి మున్సిపాలిటీకి అర్థమైంది మీ ఆన్‌లైన్ పోర్టల్‌కు అర్థం కావడం లేదు, నగదు గడిలో అంకె లేకపోతే "సబ్మిట్" బటన్ వెలగదు.

కాంట్రాక్టర్‌కు ఇస్తే త్వరగా అయిపోతుంది కదా అని అడిగేవాళ్లకు: అవును, అవుతుంది. అన్ని చోట్లా స్వయంగా కట్టుకోవడమే మేలని నేననను. అంతస్తుల మీద అంతస్తులు వేయాల్సిన చోట, వరద వచ్చి వానాకాలం లోపు కప్పు పడాల్సిన చోట, చేయగలిగిన చేతులు లేని కుటుంబాల విషయంలో కాంట్రాక్టరే నయం. మిగతా చోట్ల మాత్రం తమ చేత్తో కట్టుకున్నవాళ్లకు పైపు ఎక్కడినుంచి పోతుందో తెలుసు, పగులు వస్తే అది ప్లాస్టరింగ్ పగులా, గోడ పగులా అని తెలుసు, ఇంకో గది వేసుకోవాలంటే పునాది ఎంత మోస్తుందో తెలుసు. గుంపులో ఒకరిద్దరు ఆ పనిలో చెయ్యి తిరిగి తర్వాత మేస్త్రీ పనికే పోతారు కూడా.

స్థలం గురించి ఎక్కువ రాయను, అది ఇంకో ఉత్తరమంత ఉంది. ఒక్క సూచన. స్థలం కొని, ప్లాట్లు వేసి, రోడ్డు, నీళ్లు తెచ్చి కుటుంబాలకు అమ్మేందుకు తిరిగి తిరిగి వాడుకునే నిధి ఒకటి పెట్టండి. కుటుంబాల గృహరుణం మంజూరు కాగానే ఆ డబ్బు వెనక్కి వస్తుంది, మళ్లీ ఇంకో చోట కొనొచ్చు. అది గ్రాంట్‌గా ఒక్కసారి ఇస్తే చాలు.

డబ్బు పక్కదారి పడుతుందన్న భయం మీకుందని తెలుసు, ఈ రంగంలో అలా చేసినవాళ్లు లేరని నేను చెప్పలేను. కానీ జీతం మీద నిఘా పెట్టడం సిమెంటు మీద నిఘా పెట్టడం కన్నా తేలిక. సూపర్‌వైజర్ రోజూ రాసే సైటు డైరీ అడగండి, కుటుంబాల సంతకాలున్న పని గంటల రిజిస్టర్ అడగండి, చెప్పకుండా వచ్చి కుటుంబాలనే అడగండి, "ఈయన వారానికి ఎన్నిసార్లు వస్తాడు?" అని. బస్తాల లెక్క బిల్లులో ఎలాగైనా రాయొచ్చు. వారానికి రెండుసార్లు వచ్చే మనిషి రోజూ వస్తున్నాడని పది ఇళ్లవాళ్లతో చెప్పించడం కష్టం.

నేనడిగేది డబ్బు పెంచమని కాదు, ఉన్న డబ్బును వేరే గడిలో వేయమని. ఇంటికి ఇచ్చే మొత్తంలోనే కొంత భాగం సూపర్‌వైజర్‌కు, కుటుంబాలతో తిరిగే కార్యకర్తకు, పిల్లల్ని చూసుకునేవారికి ప్రాజెక్టు ఖర్చుగా రాసుకోనివ్వండి. ఎంత భాగం అన్నది మీరే నిర్ణయించండి. ఆ సెక్షన్ 523లో ఒక్కో ఇంటికి సాంకేతిక సహాయం ఖర్చు ఎంత ఉండొచ్చో చూసే కొలతల్లో ఒకటి, ఆ ప్రాంతంలో అలాంటి సాదా ఇంటి విలువలో 15 శాతం. చర్చ అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు. ఇల్లు పూర్తయ్యాక ఒక వానాకాలం గడిచేదాకా సూపర్‌వైజర్ వచ్చి చూసి వెళ్లేందుకు కూడా అందులోనే ఉంచండి, కారే కప్పు మొదటి వానలోనే బయటపడుతుంది, అప్పటికి మీ ప్రాజెక్టు ఫైలు మూసేసి ఉంటుంది.

ఇంకోటి, వచ్చే ఏడాది గ్రాంట్ నోటిఫికేషన్ విడుదల చేసే ముందు దాని ముసాయిదాను ఈ పని చేస్తున్న చిన్న సంస్థలకు తెలుగులో పంపండి, రెండు వారాలు గడువివ్వండి. ఏ గడి లేదో, ఏ గడి అక్కర్లేదో మేమే గుర్తుపెట్టి తిప్పి పంపిస్తాం. బోర్డు ఖర్చు గడిని మాత్రం తీసేయమని ఇప్పుడే అడుగుతున్నాను.

ఇట్లు,
ఇళ్లు కట్టుకునే కుటుంబాలతో పనిచేసే ఒక కార్యకర్త